ఇచ్చిన కళ్లు, తీసివేసిన కాలు – శరీర పునరుత్థానము గురించి ఒక పాఠము



ఈ నెల పాఠమును ఒక కాలితో మొదలుపెడుతున్నాము. శనగ విత్తే రోజులలో పులివెందుల వైపు నుండి ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చారు. నల్లరేగడి పొలమున్న రైతు. చాలా ఏండ్లుగా షుగరు. చెప్పులు లేకుండా చేలో తిరుగుతుంటే కాలి వేలికి ముల్లు దిగింది. షుగరు వలన అరికాలికి స్పర్శ పోయి ఉన్నందున ఆయనకు నొప్పి తెలియలేదు. తెలిసేసరికి వేలు నల్లబడి, పాదము వాచి, దుర్వాసన మొదలైంది. కుళ్లు పైకి పాకుతున్నదని, మోకాలి కింద కాలు తీసివేయక తప్పదని డాక్టరు గారు చెప్పారు. పెద్దాయన ఖర్చు గురించి అడగలేదు, నొప్పి గురించి అడగలేదు. కొంతసేపు గోడవైపు చూసి ఇలా అన్నారు:

"సార్, కడబూర మోగినప్పుడు అందరూ లేస్తారు గదా. నేనొక్కణ్ణే కుంటోని మాదిరి లేసి నిలబడాల్నా?"

ఆ మాటకు వార్డులో ఒకరిద్దరు నవ్వారు గాని ఆయన నవ్వులాటకు అడగలేదు. సంతకము పెట్టకుండా దుప్పటి కప్పుకొని పడుకున్నారు. మాకు కూడా నవ్వు రాలేదు. ఎందుకంటే అంతకు ముందొకసారి ప్రొద్దుటూరు వైపు నుండి వచ్చిన ఒక తల్లి ఇదే భయముతో, ఇదే మాట పైకి చెప్పకుండా, ఇంటికి వెళ్లిపోయింది. తిరిగి తీసుకొచ్చేసరికి విషము రక్తములోకి ఎక్కి ఉన్నది. ఆమెను దక్కించుకోలేకపోయాము. ఆమె మనసులో ఉన్నది ఈ ప్రశ్నే అని ఆమె కూతురు చెప్పగా తరువాత తెలిసింది. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాము. ఆమె అడగలేదు సరే, మేమైనా అడగలేదు.

కాబట్టి ఈ ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. ఇదే ప్రశ్న రకరకాల వేషాలలో మా దగ్గరకు వస్తుంది. నేత్రదానము చేస్తే పరలోకములో ప్రభువును ఎట్ల చూడాలి? పోస్టుమార్టము చేసి కోసిన శరీరము లేస్తుందా? కాలిపోయినవారి సంగతి ఏమిటి? కడుపులోనే చనిపోయి, పేరు కూడా పెట్టని బిడ్డ లేస్తుందా? అడిగేవారందరూ నమ్మకము లేనివారు కారు. నిజము చెప్పాలంటే, నమ్మకము ఉన్నందుననే అడుగుతున్నారు.

సంఘము ఏమి నమ్ముతుంది

ప్రతి ఆదివారము విశ్వాస ప్రమాణము చెప్పేటప్పుడు చివరలో శరీర పునరుత్థానము అనే మాట వస్తుంది. ఆ మాట మన నోటికి బాగా అలవాటైపోయి దాని బరువు మనకు తెలియడము లేదు. ఆత్మ మాత్రమే బ్రతికి ఉంటుందని చెప్పి ఊరుకుంటే సులభముగా ఉండేది. లోకములో చాలామంది అలాగే చెప్పారు. గ్రీకుదేశపు జ్ఞానులలో కొందరికి శరీరము ఒక చెరసాల, చావు విడుదల. మన చుట్టుపక్కల హిందూ సోదరులు ఆత్మ పాత బట్టలు విడిచినట్టు శరీరమును విడిచిపోతుందని నమ్ముతారు. ప్రొద్దుటూరులోని ముస్లిం సోదరులు మనవలెనే మృతులు లేచి దేవుని ఎదుట నిలిచే దినము ఉన్నదని నమ్ముతారు. మన జిల్లాలోనే బ్రహ్మంగారిమఠములో వీరబ్రహ్మేంద్రస్వామి వారు జీవసమాధిలో ఉన్నారని నమ్మి దూర ప్రాంతాలనుండి జనము వస్తారు. ఎవరి నమ్మకమును ఎగతాళి చేయడము మన పని కాదు. మనము ఏమి నమ్ముతున్నామో మనకు తెలిసి ఉండడము మాత్రము అవసరము.

మనము నమ్మేది ఇది. దేవుడు చేసిన ఈ శరీరము పనికిరాని తొడుగు కాదు. అంత్యదినమున దేవుడు మనిషిని ఆత్మను ఒక్కదానినే కాక, శరీరముతో సహా, చావు లేనివానిగా లేపుతాడు. శరీరము విలువలేనిదైతే పుండు కడగనక్కరలేదు, కట్టు కట్టనక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దము చివరలో లండన్ మిషన్ డాక్టర్లు అంత దూరము నుండి వచ్చి జమ్మలమడుగు ఎండలో ఆసుపత్రి నడపడానికి వెనుక ఉన్న కారణాలలో ఇది చిన్నదేమీ కాదు. ఆత్మల సంగతి చూచుకుంటే చాలునని వారు అనుకొని ఉంటే చాపెలు కట్టి ఊరుకునేవారు.

విత్తనము చెప్పే సంగతి

అయితే ఏ శరీరముతో లేస్తారు? ఈ ప్రశ్న కొత్తది కాదు. యేసు ప్రభువు సిలువ వేయబడిన సుమారు పాతికేండ్లకే కొరింథు పట్టణములోని విశ్వాసులు దీనిని అడిగారు. పౌలు వారికి వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయములో జవాబు ఉన్నది. ఇంటికి వెళ్లిన తరువాత ఆ అధ్యాయమును నిదానముగా, ఒకే కూర్చుండుటలో చదవండి. ఆయన అక్కడ పెద్ద తర్కము చేయడు. రైతుకు తెలిసిన సంగతి చెబుతాడు. విత్తినది విత్తినట్టే పైకి రాదు.

పెద్దాయన మంచము పక్కన మేము ఇదే చెప్పాము. నల్లరేగడిలో శనగ విత్తుతారు. వారము పది దినాల తరువాత ఎవరైనా సాలు తవ్వి, వేసిన గింజ వేసినట్టే ఉన్నదా అని చూస్తారా? చూస్తే ఏమి కనబడుతుంది? పొట్టు చీలి ఉంటుంది, పప్పు కరిగిపోతూ ఉంటుంది. గింజ పోయిందని ఏ రైతూ ఏడవడు. పైన లేచినది శనగ చెట్టే, కందిచెట్టు కాదు. అంటే వేసినదానికి లేచినదానికి సంబంధము తెగలేదు. కాని లేచినదానికి ఆకులున్నవి, పూత ఉన్నది, కాయ ఉన్నది. గింజలో అవి ఏవీ కనబడలేదు. విత్తేటప్పుడు గింజకు ఒక మూల చిన్న ముక్క విరిగి ఉంటే చెట్టుకు ఒక కొమ్మ తక్కువగా వస్తుందని ఎవరైనా చెప్పారా?

ఇక్కడ పెద్దాయన మమ్మల్ని ఆపారు. "గింజ మొలక పోతే మాత్రం లేయదు సార్" అన్నారు. రైతు గదా! ఆయన చెప్పినది నిజమే. ఉపమానము ఎంతవరకు పోతుందో అంతవరకే పోవాలి. గింజ తనలోని శక్తితో మొలుస్తుంది. చచ్చిన మనిషిలో అటువంటి శక్తి ఏదీ మిగలదు. డాక్టర్లముగా ఈ మాట మాకు మరీ బాగా తెలుసు. గుండె ఆగిన కొన్ని గంటలకే దేహము బిగుసుకుంటుంది, తరువాత మెత్తబడి చెడిపోవడము మొదలవుతుంది. దానిలోనుండి దానంతటది లేచేది ఏమీ లేదు. లేపువాడు దేవుడు. పౌలు మాట అంతా దాని మీదనే నిలిచి ఉన్నది. మట్టిలో ఎంత మిగిలిందో అన్న లెక్క మీద ఆయన నిలబడలేదు.

గాయములున్న శరీరము

యేసు ప్రభువు లేచిన తీరును చూస్తే ఇంకొంచెము స్పష్టమవుతుంది. దీనికి ముందు ఒక తేడా తెలుసుకోవాలి. బేతనియలో లాజరును నాలుగు దినముల తరువాత ప్రభువు సమాధిలోనుండి పిలిచాడు. యాయీరు కుమార్తెను చేయి పట్టుకొని లేపాడు. వారు మరల ఈ జీవితములోకే వచ్చారు, మరల ముసలివారై మరల చనిపోయారు. మా ఐ.సి.యు.లో గుండె ఆగినవారిని ఛాతీ నొక్కి, షాకు ఇచ్చి కొన్నిసార్లు వెనుకకు తీసుకురాగలుగుతాము. అటువంటివారు కొందరు "నేను చచ్చి బ్రతికినాను" అని సాక్ష్యము చెబుతారు. ఆ కృతజ్ఞత మంచిదే. కాని సంఘము పునరుత్థానము అని పిలిచేది దానిని కాదు. పునరుత్థానము అంటే మరల చావు లేని జీవమునకు లేవడము.

ప్రభువు అలా లేచాడు. లూకా, యోహాను సువార్తలు చదివితే ఆయన శరీరము అదే శరీరమని, అయినా మునుపటివలె కాదని కనబడుతుంది. ఆయన కాల్చిన చేప తిన్నాడు. తన చేతులను చూడమన్నాడు. అదే సమయములో మూసిన తలుపుల మధ్య వచ్చి నిలిచాడు. ఎమ్మాయు దారిలో నడిచినవారు చాలాసేపు ఆయనను గుర్తుపట్టలేదు. అన్నిటికంటే మమ్మల్ని ఆపే సంగతి గాయములు. తోమాకు ఆయన వాటిని చూపించాడు. మహిమ శరీరములో గాయములు ఎందుకు మిగిలాయి? అవి కుళ్లలేదు, నొప్పిపెట్టలేదు, ఆయనను కుంటివానిగా చేయలేదు. ఆయన ఎవరో తెలిపే గుర్తులుగా మిగిలాయి. పరలోకములో ఆపరేషను మచ్చలు ఉంటాయా ఉండవా అన్నది మేము చెప్పలేము. ఉన్నా అవి సిగ్గుపడవలసినవిగా ఉండవని మాత్రము ఆ గాయములు చూచి చెప్పగలము. ఇదే తోమా మన దక్షిణదేశానికి వచ్చి మైలాపూరులో ప్రాణము పెట్టాడని మన పెద్దల నుండి వచ్చిన సంప్రదాయము.

బూడిద ఏటిలో కలిపినా

శరీరమును నాశనము చేస్తే పునరుత్థానము ఆగిపోతుందని నిజముగా అనుకున్నవారు ఉన్నారు. వారు విశ్వాసులు కారు, విశ్వాసులను చంపినవారు. క్రీ.శ. 177లో ఇప్పటి ఫ్రాన్సు దేశములోని లియోను పట్టణములో అనేకమంది క్రైస్తవులను హింసించి చంపారు. శవాలను ఆరు దినములు బయట పడవేసి, తరువాత కాల్చి, ఆ బూడిదను రోను నదిలో కలిపారు. వీరు మరల లేస్తామని చెప్పుకుంటున్నారు గదా, ఇప్పుడు ఎట్ల లేస్తారో చూద్దామన్నది వారి ఎకసెక్కము. చరిత్ర వ్రాసిన యూసేబియసు దీనిని భద్రపరిచాడు. దాని వలన సంఘము భయపడి ఆ వాక్యమును విశ్వాస ప్రమాణమునుండి తీసివేయలేదు.

క్రీ.శ. 410లో రోమా పట్టణము దోపిడీకి గురైనప్పుడు ఎందరినో పూడ్చేవారు కూడా లేకపోయారు. ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను గారు అప్పుడు వ్రాసిన సంగతి మాకు ఎంతో ఉపయోగపడింది. సమాధి లేనందువలన విశ్వాసికి ఏ నష్టమూ రాదన్నాడు. భూస్థాపన ఘనముగా చేయడము చనిపోయినవారికి సహాయముకంటే బ్రతికినవారికి ఓదార్పు అన్నాడు. అయినా శరీరమును పారవేయదగిన వస్తువుగా చూడకూడదని కూడా అన్నాడు. తండ్రి తొడుక్కున్న ఉంగరమునే కొడుకులు ప్రియముగా దాచుకుంటారు, శరీరము అంతకంటే దగ్గరిది గదా అని ఆయన తలంపు. ఆయనే అదే పుస్తకము చివరి భాగములో, ఒకరి మాంసమును ఆకలితో మరొకరు తింటే అది ఎవరిదై లేస్తుంది అన్నంత దూరము వెళ్లి ఆలోచించాడు. గర్భములోనే చనిపోయిన శిశువుల సంగతి కూడా ఎత్తుకున్నాడు. దానిని గట్టిగా తేల్చలేదు. కాని చనిపోయినవారి లెక్కలో వారు ఉన్నప్పుడు, లేచేవారి లెక్కలో ఎందుకు ఉండరో తనకు తోచడము లేదన్నాడు. ప్రసూతి వార్డులో ఒడి ఖాళీగా ఇంటికి వెళ్లే తల్లులారా, పదహారు వందల ఏండ్ల క్రిందటనే ఒక బిషప్పు మీ బిడ్డను లెక్కలోకి తీసుకున్నాడు.

ఇవి దూరదేశపు సంగతులని అనుకోవద్దు. 2020లో గండికోట జలాశయము నీళ్లు పెరిగి తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ఖాళీ చేయవలసివచ్చింది. ఇల్లు వదలడముకంటే పెద్దలను పూడ్చిన నేలను వదలడము ఎక్కువ బాధ అని అటువంటి ఊళ్లవారు చెబుతారు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు వరద రాజంపేట వైపు పల్లెలను ముంచినప్పుడు మనుషులు కొట్టుకుపోయారు. మన మిషన్ ఆసుపత్రిలో కొంతకాలము డాక్టరుగా పనిచేసి ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు 2009 సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టరు ప్రమాదములో మరణించగా ఇడుపులపాయలో భూస్థాపన చేశారు. నీటిలో, మంటలో, రోడ్డు మీద, కొండమీద పోయినవారి కుటుంబాలు ప్రతి ఊరిలో ఉన్నవి. దేవుడు తన బిడ్డలను వెదకడానికి కడప బండ మీద చెక్కిన పేరు చూచుకోవలసిన అవసరము లేదు.

దహనము గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాము. మన ప్రాంతపు సంఘాలలో భూస్థాపనే వాడుక, అది మంచి వాడుక, ఆ మట్టి మన నిరీక్షణను చూపిస్తుంది. అయితే రోమన్ కాథలిక్ సంఘము 1963లో దహనమునకు అనుమతి ఇచ్చింది. 2016లో అస్థికలను చల్లివేయక పవిత్ర స్థలములో ఉంచమని చెప్పింది. దూర పట్టణాలలో తప్పనిసరియై తల్లిదండ్రులను దహనము చేసిన పిల్లలు ఊరికి వచ్చి తలవంచుకొని తిరగనవసరము లేదు.

ఇప్పుడున్న శరీరమే నిలకడగా లేదు

ఆసుపత్రి పత్రిక కాబట్టి ఒక వైద్య సంగతి కూడా చెప్పాలి. మన రక్తములోని ఎర్రకణము ఒక్కటి సుమారు 120 దినములు బ్రతుకుతుంది. చర్మము పైపొర దాదాపు నెలకొకసారి రాలి కొత్తది వస్తుంది. ఎముక కూడా కొంచెము కొంచెముగా కరుగుతూ మరల కట్టబడుతూ ఉంటుంది. ఎముకల గూడు చాలావరకు మారడానికి సుమారు పదేండ్లు పడుతుంది. మెదడులోని కణాలలో ఎక్కువ భాగము, కంటి కటకము నడిమి భాగము వంటివి మాత్రము పుట్టినప్పటినుండి ఉండేవే. మొత్తము మీద చూస్తే, పెండ్లినాడు మీరు ఫోటో దిగిన శరీరములోని పదార్థము చాలావరకు ఈ రోజు మీలో లేదు. అయినా మీరు మీరే. మీ అమ్మ మిమ్మల్ని గుర్తుపడుతుంది. దేవుడు బ్రతికి ఉన్నప్పుడే మనలను ఇన్నిసార్లు కొత్త మట్టితో కడుతూ, మనము మనముగానే ఉండేటట్లు చూస్తున్నప్పుడు, కోసి తీసివేసిన కాలి కొరకు ఆయన చిక్కులో పడడు.

మధ్యకాలము

చావుకు, ఆ దినానికి మధ్య ఏమవుతుంది అని కూడా అడుగుతారు. సంఘాలలో దీని గురించి ఒకే మాట లేదు. సిలువ మీది దొంగకు ప్రభువు ఆ రోజే తనతో ఉంటావని మాట ఇచ్చాడు కాబట్టి విశ్వాసి వెంటనే ప్రభువు సన్నిధిలో ఉంటాడని, శరీరము కొరకు ఎదురుచూస్తాడని చాలామంది నమ్ముతాము. అడ్వెంటిస్టు సంఘమువారు లేపబడేవరకు నిద్ర అంటారు. కాథలిక్కులు శుద్ధిచేయబడే స్థితి ఒకటి ఉన్నదని నమ్మి మృతుల కొరకు ప్రార్థిస్తారు. మన సమాధుల మీద ప్రభువునందు నిద్రించెను అని చెక్కించే వాడుక చాలా పాతది. ఇంగ్లీషువారి సిమెట్రీ అనే మాటకు మూలమైన గ్రీకు మాటకు కూడా నిద్రపోవు స్థలము అనే అర్థము. భార్యాభర్తలు అక్కడ భార్యాభర్తలుగా ఉంటారా అని సద్దూకయ్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఇచ్చిన జవాబు మత్తయి 22లో ఉన్నది. అంతకు మించి మేము ఊహించము.

కళ్ల సంగతి

నేత్రదానము అంటే కనుగుడ్డు పీకి ముఖము గుంత చేస్తారని చాలామంది భయపడతారు. మార్పిడికి పనికివచ్చేది కంటి ముందు భాగములోని కార్నియా అనే అద్దము వంటి పలుచటి పొర. దానిలో రక్తనాళాలు ఉండవు, అందువలన రక్తము గ్రూపు కలవనవసరము లేదు. తీసుకున్న తరువాత రెప్పలు మూసి ఉంచుతారు. ముఖము చూడడానికి మామూలుగానే ఉంటుంది. పని అర గంట లోపల అయిపోతుంది, ఇంటివద్దనే చేయవచ్చు, భూస్థాపన ఆలస్యము కాదు. అయితే చనిపోయిన ఆరు గంటల లోపల జరగాలి. అందువలన ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు ఇంట్లో ఒకరు ఏడుపు మధ్యలోనే ధైర్యము తెచ్చుకొని ఐ బ్యాంకుకు గాని మనకు గాని ఫోను చేయాలి. ఈలోగా రెప్పలు మూసి, వాటిమీద తడి దూది పెట్టి, తలకింద దిండు పెట్టి, ఫ్యాను ఆపివేయాలి. షుగరు, బి.పి. ఉన్నవారు, కళ్లజోడు వాడినవారు, ముసలివారు కూడా ఇవ్వవచ్చు. హెచ్.ఐ.వి., కామెర్ల వైరసులు, రేబిస్, రక్తములో తీవ్రమైన విషపు వ్యాధి ఉన్నవారివి తీసుకోరు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ సంస్థవారి రామాయమ్మ ఐ బ్యాంకు 1989 నుండి ఈ సేవ చేస్తున్నది. ప్రతి సంవత్సరము ఆగస్టు 25 నుండి సెప్టెంబరు 8 వరకు నేత్రదాన పక్షోత్సవాలు జరుగుతాయి.

ఈ చికిత్స మొదటిసారి ఫలించినది 1905 డిసెంబరులో, ఇప్పటి చెక్ దేశములోని ఓలోమౌత్సులో. డాక్టర్ ఎడ్వర్డ్ జిర్మ్ చూపు తెప్పించినది కంటిలో సున్నము పడి గుడ్డివాడైన ఒక కూలికి. సున్నపు పనిలో, బండల పనిలో కళ్లు పోగొట్టుకునేవారు మన ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాలవారికి కొత్త కాదు. రోమా సంఘపు పోపు రెండవ జాన్ పాల్ గారు 2000 సంవత్సరములో అవయవ మార్పిడి నిపుణుల సభలో మాట్లాడి, స్వేచ్ఛగా ఇచ్చే అవయవదానమును ప్రేమకార్యముగా మెచ్చుకున్నారు. మనకు తెలిసిన ప్రొటెస్టెంటు సంఘాలలో కూడా దీనిని పాపమనే ఉపదేశము మేము వినలేదు. తన శరీరమును మనకొరకు ఇచ్చినవానిని ఆరాధించే బల్ల దగ్గర మోకరించేవారికి శరీరమును పంచడము వింత మాట కాకూడదు.

మేము చేసిన ఒక తప్పు

ఇంతా చదివి, పునరుత్థానము నమ్మేవారు ఏడవకూడదని అనుకోవద్దు. ఒకసారి చిన్న బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, విశ్వాసివి గదమ్మా, ఏడవకూడదు అని మాలోనే ఒకరు చెప్పాము. ఆమె ఏడుపు ఆపింది. తరువాత చాలా నెలలు నిద్రలేక, తిండి లేక మా దగ్గరకే రోగిగా వచ్చింది. లాజరును ఇంకొంతసేపటికి లేపుతానని ప్రభువుకు తెలుసు. అయినా ఆ సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. ఆ తల్లికి మేము ఆ సంగతి చెప్పి ఉండవలసింది.

కరోనా దినములలో ఈ బాధ ఇంకొక రీతిగా వచ్చింది. 2020లో భూస్థాపనకు ఇరవైమందికి మించరాదని నిబంధన పెట్టారు. స్నానము చేయించలేదు, బట్టలు మార్చలేదు, ముఖము చూడలేదు, ముద్దు పెట్టుకోలేదు, ప్లాస్టిక్ సంచిలోనే అప్పగించారని ఇప్పటికీ చెప్పుకొని బాధపడేవారు ఉన్నారు. వారు పోగొట్టుకున్నది చిన్నది కాదు. వీడ్కోలు బ్రతికినవారికి కావలసినది, అది వారికి దక్కలేదు. అటువంటివారు ఇంటిలోనో గుడిలోనో పాస్టరు అయ్యగారిని పిలిచి ఇప్పుడైనా కృతజ్ఞత ప్రార్థన పెట్టించుకోవచ్చు. చనిపోయినవారికి మాత్రము ఆ సంచి వలన ఏ లోటూ జరగలేదు. పోస్టుమార్టము అయినవారి సంగతీ అంతే. పురుగుమందు కేసులలో, ప్రమాదాలలో అది చట్టము చెప్పిన పని. కోయనీయవద్దని మా కాళ్లు పట్టుకునే బంధువులకు మేము చెప్పగలిగినది ఇదే.

పెద్దాయన సంగతి

మూడవ దినము ఉదయము ఆయన సంతకము పెట్టారు. మా ఉపమానము వలన పెట్టారో, జ్వరము ఎక్కువై పెట్టారో తెలియదు. కాలు మోకాలి కింద తీసివేశాము. ఆయన భార్య ఒక కోరిక కోరింది. ఆ కాలును ఊరి సమాధులలో వాళ్ల అత్తమామల పక్కన పూడ్చుకుంటామన్నది. కాగితాలు వ్రాయించుకొని, మూట కట్టి ఇచ్చాము. పాస్టరు అయ్యగారు ప్రార్థన కూడా చేశారట. కుట్లు విప్పే దినము పెద్దాయన అన్న మాట వార్డంతా తిరిగింది: "నాకంటే ముందు నా కాలు పోయి మా నాయన పక్కన పండుకొనింది సార్. జాగా పట్టి పెట్టింటాది."

ఈస్టరు వేకువ ప్రార్థనకు సమాధుల దగ్గరకు ఆయన కర్రల మీద వచ్చారు. చీకటిలో కొవ్వొత్తులు పట్టుకొని జనము నిలబడి ఉంటే, ఆయన తన కాలు పూడ్చిన చోట నిలబడ్డారట. తరువాత కృత్రిమ కాలు కొలతలకు మా దగ్గరకు వచ్చినప్పుడు, రెండవ కాలును రోజూ చూచుకుంటున్నారా, చెప్పులు వేసుకుంటున్నారా అని మామూలుగా అడిగాము. చూచుకుంటున్నానన్నారు. వెళ్లబోతూ వెనుకకు తిరిగి, "సార్, నా కండ్లకు శుక్లం ఆపరేషన్ అయ్యింది. అట్లాంటివి పనికొస్తాయా?" అని అడిగారు.

కార్నియా బాగుంటే పనికివస్తాయని చెప్పాము. ఫారము ఇచ్చాము. ఫారము నింపినా, చనిపోయిన తరువాత ఒప్పుకొని ఫోను చేయవలసినది ఇంటివారే కాబట్టి వారికి తెలిసి ఉండాలని కూడా చెప్పాము. ఆయన కర్రలు గోడకు ఆనించి బల్ల మీద వంగి సంతకము చేస్తుండగా, పక్కన నిలబడిన ఆయన భార్య మా నంబరును తన చీటీ మీద వ్రాయించుకున్నది.

"ఈయప్ప చెప్పినాడు గదా సార్, ఆరు గంటలని. నేను చేస్తాలే ఫోను" అన్నది.